సగం దించిన షట్టర్ కింద కాంతివేగం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లన్నీ బంద్. అంటే షట్టర్ సగం దించి ఉండేది, విద్యార్థులు వంగి లోపలికి దూరి పాఠం వినేవాళ్లు. ఒక బంద్‌కు అంత వినయంగా తల వంచిన జనాన్ని నేను మరెక్కడా చూడలేదు.

నేనూ అలాగే వంగి ఒక సెంటర్‌లోకి వెళ్లాను, డెమో క్లాసు చెప్పడానికి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయి చాలాకాలమైంది. నాన్న బస్సు డ్రైవరు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి రోజంతా ఎల్.బి.నగర్‌లో టెంటు కింద కూర్చునేవాడు. ఇంట్లోకి జీతం రావాలంటే ఇక నాకే రావాలి.

"అందరు పని బంద్ పెడితె నేను పనికి పోవుడేంది నాయినా?" అని అడిగాను.

"సమ్మె చెయ్యాల్నంటె ముందుగాల నౌకరి ఉండాలె గద బిడ్డా. నీకేడున్నది?"

వెతికినా ఆ తర్కంలో లోపం దొరకలేదు.

డెమోకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాడు పాఠం చెబుతాడు. డైరెక్టర్ చివరి బెంచీలో కూర్చుని వింటాడు. అయిపోయాక, ఈ సార్ కావాలనుకునేవాళ్లు చేతులెత్తమంటాడు. చేతులు చాలకపోతే కొత్తవాడు మళ్లీ వంగి బయటికి పోవాలి. నాకిచ్చిన పాఠం కాంతి. పోలీసు, రైల్వే ఉద్యోగాల పరీక్షలకు అందులో పనికొచ్చేది ఒకటే ముక్క: కాంతికన్నా వేగంగా ఏదీ వెళ్లదు.

సరిగ్గా అప్పుడే పేపర్లో ఒక వార్త వచ్చింది. యూరప్‌లో ఒక ప్రయోగశాల నుంచి పంపిన న్యూట్రినోలనే కణాలు, నేలలోంచి దూసుకుపోయి, ఇంకో దేశంలో ఉన్న యంత్రాన్ని కాంతికన్నా కొంచెం ముందే చేరాయట. ఇన్నాళ్లూ ఆగినవి, నా డెమో అయిందాకా ఆగలేకపోయాయి.

ఆ ముక్క నేను బోర్డు మీద రాయగానే ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, గీ ముక్క రాసుకోమంటరా, ఆగమంటరా? పేపర్ల ఇంకోతీరుగ రాసిండ్రు."

"రాసుకోమ్మా, జవాబుల కీలో అదే ఉంది," అన్నాడు వెనక నుంచి డైరెక్టర్. ఆయనది గుంటూరు వైపు.

నేను అవునంటే ఉద్యోగం వచ్చేస్తుంది. "నాకు తెలియదు," అన్నాను. ధైర్యమేమీ కాదు, నిజంగానే తెలియదు. కొలిచినవాళ్లే నమ్మలేక, మా తప్పెక్కడుందో వెతికిపెట్టండని ప్రపంచాన్ని బతిమాలుకుంటున్నారు. ఇక్కడేమో తెలంగాణ వస్తుందా రాదా అంటే చాయ్ బండి దగ్గర ప్రతివాడికీ తెలుసు. తెలియదన్నవాణ్ని అనుమానంగా చూసే రోజులవి.

"మరి గది నిజమే అయితె ఏమైతది సార్?"

"అప్పుడు ఫలితం ముందొచ్చి, కారణం తర్వాత రావచ్చు. పరీక్ష కన్నా ముందే రిజల్ట్ వచ్చినట్టు."

"గదైతె మన దగ్గర ఎప్పటిసంది ఉన్నది సార్!" అని మూల నుంచి ఎవడో అరిచాడు. క్లాసంతా నవ్వింది.

డైరెక్టర్ నవ్వలేదు. "మాస్టారూ, వీళ్లిక్కడికొచ్చేది తెలుసుకోడానికండీ. తెలియదని చెప్పించుకోడానికైతే ఇంటి దగ్గరే ఉండొచ్చుగా."

అంతలో ఊరేగింపు వస్తున్న చప్పుడు. వాచ్‌మన్ షట్టర్ పూర్తిగా దించేశాడు. బొగ్గు గనుల్లోనూ సమ్మే కాబట్టి కరెంటు పొద్దుటినుంచీ లేదు. ఒక్కసారిగా చీకటి. బయట "జై తెలంగాణ" అంటుంటే, లోపల సగం మంది అలవాటుకొద్దీ మెల్లగా "జై" అన్నారు. చరిత్ర గుమ్మం ముందు నుంచి నడిచి వెళుతుంటే, మేము దాని కంట పడకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎవరో తుమ్మారు.

డైరెక్టర్ సెల్‌ఫోన్ టార్చి వెలిగించాడు. గోడ మీద గుండ్రంగా వెలుగు మచ్చ పడింది.

"సార్, దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు గబుక్కున తిప్పుతారా?" అని అడిగాను. తిప్పాడు, విసుగ్గానే. "ఈ గోడ చంద్రుడంత దూరంలో ఉండి, టార్చి అక్కడిదాకా అందిందనుకోండి. సార్ చెయ్యి ఇంతే తిరుగుతుంది. మచ్చ మాత్రం ఆ గోడ మీద కాంతికన్నా వేగంగా పరిగెడుతుంది."

"ఇగ అయిపాయె గద సార్! దాటినట్టే గద!" అంది ఆ అమ్మాయి.

"ఈ మూలన ఉన్నవాడు ఆ మూలన ఉన్నవాడికి ఆ మచ్చతో ఒక కబురు పంపగలడా?"

ఆమె గాల్లో వేలును ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పి చూసుకుంది. "పంపలేడు. రెండు మూలలకు వెలుగు సార్ చేతికెల్లే వచ్చింది. మచ్చ ఉరికింది గని, ఏం మోస్కపోలె."

నేను నెలరోజులు చదివినా ఇంత పొట్టిగా చెప్పలేకపోయేవాణ్ని. "అంతే. ఉత్తచేతులతో ఉరికేవాటికి హద్దు లేదు. ఏదైనా మోసుకుపోయేవాటికే ఆ హద్దు. న్యూట్రినోలు మోసుకుపోగలవు, అందుకే ఇంత గోల."

ఊరేగింపు మలక్‌పేట వైపు వెళ్లిపోయింది. షట్టర్ ఇంకా లేవలేదు. డైరెక్టర్ ఆ చీకట్లోనే చేతులెత్తమన్నాడు, లెక్కపెట్టడానికి టార్చి బెంచీల మీద తిప్పాడు. వెలుగు ఎక్కడ పడితే అక్కడ చెయ్యి లేచింది, దాటిపోగానే దిగింది. నాకు ఓటేశారో, టార్చికి వేశారో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన టార్చి ఆర్పి నా దగ్గరికొచ్చాడు. "రేపట్నుంచి రండి మాస్టారూ. కానీ కీలో ఉన్నదే చెప్పాలి."

"చెప్తానండీ. ముందు 'ఇప్పటికి తెలిసినంతవరకు' అని కలుపుకుంటాను."

"పరీక్షలో జవాబుకు నాలుగు గళ్లే ఉంటాయి. అదెక్కడ నింపుతారు?"

"అది నింపక్కర్లేదండీ. వింటే చాలు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "సరే, త్వరగా అనేసి ముందుకెళ్లండి," అన్నాడు.

కొన్ని నెలలకు ఆ ప్రయోగశాల వాళ్లు తప్పు దొరికిందన్నారు. ఒక కేబుల్ సరిగ్గా బిగించలేదట. కణాలు ఏ హద్దూ దాటలేదు. ఆ వార్త పేపర్లో లోపలి పేజీలో చిన్నగా పడింది. క్లాసులో చదివి వినిపించాను.

"అయితె ఆ దినం మీరు ఏదీ దాటదని చెప్పేసి ఉంటె కరెక్టే అయ్యేది గద సార్?" అంది ఆ అమ్మాయి.

"అయ్యేది. కానీ నాకు తెలిసి చెప్పినట్టు అయ్యేది కాదు."

ఆమె ఒప్పుకుందో లేదో నాకు తెలియదు. పెన్ను మూత తీసి, తర్వాతి ప్రశ్న చదవమంది.