నలభై ఒకటో ఫ్రేము

పరీక్షాశాలలో అతన్ని అందరూ భూతద్దం అని పిలిచేవారు. పదహారేళ్లు పెళ్లి ఫోటోలు తీసి, నడుం నొప్పితో అది మానుకుని, ఇక్కడ ఇనుప ముక్కల ఫోటోలు తీసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. "పెళ్లికూతుళ్ల కంటే బోల్టులే నయం. లావుగా పడ్డామని అలగవు" అనేవాడు. స్వతహాగా పిరికివాడు. ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చే రకం.

సన్నటి పగుళ్లు కూడా కనబడేంత దగ్గర నుంచి ఫోటో తీస్తే వెంట్రుకవాసి మందమే స్పష్టంగా పడుతుంది, ముందూ వెనకా అంతా మసక. అందుకని కెమెరాను ఇసుమంత జరుపుతూ అరవై డెబ్బై ఫ్రేములు తీసి, వాటిలో స్పష్టంగా ఉన్న భాగాలన్నీ ఏరి ఒకే ఫోటోగా కలిపే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి. పాత సాఫ్ట్‌వేర్‌ది నత్తనడక. సన్న గీతల్ని వదలదు గానీ, ఒక్కోసారి లేని గీతల్ని కూడా తెచ్చిపెడుతుంది. కొత్తది మూడు నిమిషాల్లో నున్నటి ఫోటో చేతిలో పెడుతుంది. అందరికీ అదే నచ్చింది.

ఆ శుక్రవారం ఒక ఏడంతస్తుల ఆసుపత్రి లిఫ్టు బరువు మోసే లావుపాటి ఇనుప పిన్ను పరీక్షకు వచ్చింది. అక్కడ రోగుల్ని మెట్ల మీద మోస్తున్నారు. "త్వరగా కానివ్వండి, గంటకోసారి ఫోన్ చేస్తున్నారు" అంది పరీక్షాశాల ఇంజనీరు. భూతద్దం అరవై రెండు ఫ్రేములు తీసి కొత్త సాఫ్ట్‌వేర్‌లో కలిపాడు. ఫోటోలో చిన్న మచ్చ కూడా లేదు. కొలతలూ సరిపోవడంతో ఆమె సంతకం పెట్టింది. సాయంత్రానికి పిన్ను మళ్లీ లిఫ్టులో చేరింది.

మర్నాడు పొద్దున టీ తాగుతుండగా అతనికి గుర్తొచ్చింది. ఫ్రేములు కంప్యూటర్‌లోకి దిగుతున్నప్పుడు ఒకదాంట్లో ఏదో నల్లగా, సన్నగా, రెప్పపాటు కనిపించింది. కప్పు కింద పెట్టేశాడు.

"ఏమైందండీ, ముఖం పాలిపోయింది?" అంది భార్య.

"ఆఫీసుకు తాళం వేశానో లేదో."

"ఆ తాళం వేసేది వాచ్‌మన్ కదా."

అతను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

నలభై ఒకటో ఫ్రేములో దొరికింది. గోటి కొన పొడవు గీత. నలభై రెండులో లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ కలిపిన ఫోటోలోనూ లేదు. పిన్నును తుడిచిన బట్ట నూలుపోగు అయ్యుండొచ్చు. ఫ్రేములన్నీ పాత సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి నలభై నిమిషాలు కూర్చున్నాడు. చివరికి గీత వచ్చింది, చుట్టూ, పాతది కల్పించే గీతలకు ఉండేలాంటి తెల్లటి అంచుతో. భయం రెట్టింపయింది. పాతది నూలుపోగునే పగులులా చూపిస్తుంటే? నూలుపోగు కోసం ఆసుపత్రి లిఫ్టు ఆపించినవాణ్ణి ఎవరు ఉద్యోగంలో ఉంచుకుంటారు? ఆపించకపోతే... ఆ ఆలోచన చివరిదాకా వెళ్లలేక ఫోన్ తీశాడు.

"పగులేనని గట్టిగా చెప్పగలరా?" అంది ఇంజనీరు.

"చెప్పలేను మేడం. కాదనీ చెప్పలేను."

ఆమె వెంటనే ఆసుపత్రి లిఫ్టు ఆపరేటర్ని కూడా అదే ఫోన్లోకి కలిపి, లిఫ్టు ఆపమంది.

"ఆపేస్తానమ్మా. అయిదో అంతస్తు నుంచి బాలింతని దింపుతున్నా, బిడ్డ కూడా ఉంది" అన్నాడు ఆపరేటర్.

"కిందదాకా వద్దు. దగ్గరున్న అంతస్తులోనే ఆపి అందర్నీ దించెయ్యి."

ఫోన్లో లిఫ్టు గరగర వినిపిస్తోంది. భూతద్దం బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. పసిబిడ్డ ఏడుపు, తలుపు జారిన చప్పుడు, తర్వాత ఆపరేటర్ గొంతు: "దిగారమ్మా."

మధ్యాహ్నానికి పిన్ను తిరిగొచ్చింది. ఇంజనీరు దాని మీద ఎర్ర రంగు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, తెల్లటి పొడి చల్లింది. ఇద్దరూ కళ్లార్పకుండా చూశారు. పగుల్లోకి ఇంకిన రంగు, పొడి మీద నెమ్మదిగా ఎర్రటి గీతలా పైకొచ్చింది.

"మీ భయం మంచిదైంది" అందామె.

ఫోన్ చేయకుండా పాత సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న ఆ నలభై నిమిషాల్లో లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో అన్న లెక్క అతని మనసులో తిరుగుతోంది. ఆ మాట ఆమెకు చెప్పేశాడు కూడా.

ఆమె తిట్టలేదు. "కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాక ఎన్ని వస్తువులు చూశాం?"

"ఇరవై ఏడు."

వాటి ఫ్రేములన్నీ మళ్లీ చూడ్డానికి ఇద్దరూ చెరో కుర్చీ లాక్కున్నారు. మొదటిది బడి పిల్లల బస్సు బ్రేకు ముక్క. యాభై ఎనిమిది ఫ్రేములు. భూతద్దం ఒక్కొక్కటీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూడసాగాడు.