సగంలో ఆగిన అర్జీ

పొద్దున ఏడింటికి చంద్రశేఖర్ కంప్యూటర్ ముందు కూర్చుని, కొట్టే ప్రతి మాటనూ పైకి చదివేవాడు. "తమరి దయగల సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా..." పక్కనే పీట మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ భార్య మాలతి వినేది. తెలకపల్లిలో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆ ముందుగదికే వచ్చేవారు. ఏడో తరగతితో బడి మానేసిన మాలతికి వెయ్యి అర్జీలు చెవుల గుండానే వంటబట్టాయి. ఇప్పుడు ఏడింటికి టీ ఒక్క గ్లాసే. కంప్యూటర్ మీది గుడ్డ తీసేదీ, స్విచ్ వేసేదీ ఆమే. వేసి, ఆ వెలుతురు చూస్తూ ఊరికే కూర్చుంటుంది.

ఆయన గుండె ఆగిన పొద్దున తెర మీద ఉన్నది సాయమ్మ అర్జీ. గాలికి ఆమె చేనిగట్టు మీది కరెంటు స్తంభం ఒరిగి, తీగలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. "తీగలు మిక్కిలి కిందికి దిగినందున" అని కొట్టి, ఆయన టీ అడిగాడు. అంతే.

నెల మాసికం అయిన మర్నాడు సాయమ్మ వచ్చింది.

"ఏమనుకోకు బిడ్డా. పల్లికాయ పీకుడుకొచ్చింది. కూలోళ్లు ఆ చేన్ల కాలు పెడ్తలేరు. సోమారం కలెక్టరాఫీసుల అర్జీలు తీస్కుంటరు. గా కాయితం జర తీసియ్యి."

"బయట ఎవరితోనన్న రాయించుకోరాదత్తా?"

"శేఖర్ రాస్తే సార్లు లేసి నిలబడి చదువుతరు. మందివి చదువుతరా?"

"సరే. సోమారం నాటికి నీ చేతుల పెడ్త."

మాట ఇచ్చి ఫైలు తెరిస్తే పైన ఎర్రటి పట్టీ. సాఫ్ట్‌వేర్ గడువు తీరింది, చదువుకోవచ్చు, రాయకూడదు అని దాని భావం. "అది ఒరిజినల్, ముట్టకు" అని పన్నెండేళ్లుగా తడిగుడ్డ కూడా తగలనివ్వలేదు ఆయన.

ఆధార్ కార్డు చూపించి ఉచిత బస్సులో నాగర్‌కర్నూల్ వెళ్లింది. బస్టాండు పక్కన కంప్యూటర్ల దుకాణం ఉదయ్ కిరణ్‌ది.

"ఒరిజినల్ అయితే ఏటేటా కట్టాలమ్మా."

"కొన్నంక గూడనా?"

"కొనుడెక్కడిదమ్మా, కిరాయి లెక్క. వద్దంటే అయిదు నూర్లకు దొంగది ఏస్త. మీ సారుకు ఎప్పుడూ గదే ఏసిన."

"ఆయన ఒరిజినల్ అన్నడే!"

"సారు అందరికీ గట్లనే చెప్పేటోడు."

ఇంటికి పోయి పోట్లాడదామంటే మనిషి లేడు. బస్సు దిగేదాకా మాలతి పళ్లు కొరుక్కుంటూనే ఉంది.

ఎదురింటి ఇమామ్ సాహెబ్ బిడ్డ ఫరా డిగ్రీ చదువుతోంది. ఆదివారం వచ్చి చూసి, "ఆంటీ, ఇంకోటి ఉంది. ఫ్రీ. గడువు లేదు, దొంగది గాదు" అంది.

"ఊరికే ఎవరిస్తరు బిడ్డా? ఇయ్యాల ఇచ్చి రేపు అడుగుతరు."

గడపలో కూర్చున్న సాయమ్మ ఊరుకోలేదు. "బస్సు ఫ్రీ అంటే ఎగిరి ఎక్కితివి. గిది ఎక్కనీకి ఏమొచ్చింది నీకు?"

ఫరా తన ఫోన్ నెట్‌తోనే దాన్ని దించింది. ఫైలు తెరుచుకుంది. ఎర్ర పట్టీ లేదు గానీ, ప్రతి మాట కిందా ఎర్రటి వంకర గీత.

"ఏందిది?"

"తప్పులని గీస్తుంది ఆంటీ. అంకుల్ వాడిన పాత ఫాంటును ఇది ఇంగ్లీషనుకుంటది. అందుకే అన్నీ తప్పులే అంటది."

"నా రాతల ఒక్క తప్పు చూపియ్యమని ఊరందరి మీద ఎగిరెటోడు," అని మాలతి నవ్వింది. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు. వెంటనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ పాత ఫాంటు మీటలు ఫరాకూ రావు. ఫోన్‌లో ఉండే తెలుగునే పెట్టిచ్చింది. మాలతి ఒంటి వేలితో మొదలుపెట్టింది. కొట్టే ప్రతి మాటనూ పైకి చదివింది. "కూలీలు ప్రాణభయముతో పనికి రానందున, తమరు దయతలచి సదరు స్తంభమును సరిచేయించవలసినదిగా ప్రార్థన." ఆ నాలుగు వరుసలకు గంట పట్టింది. సాయమ్మ ప్రతి మాటకూ తలూపింది, కలెక్టరే చదువుతున్నట్టు.

ప్రింటర్‌లోంచి కాగితం బయటికి వచ్చింది. పై సగం లావు అక్షరాలు, కింది సగం సన్నవి. ఒకే అర్జీ ఇద్దరు కూర్చుని రాసినట్టుంది.

"ఆంటీ, పైది గూడ కొత్త ఫాంటుల కొడ్త, పది నిమిషాల పని. గిట్ల ఇస్తే ఆఫీసోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ."

"జర సేపే ఆంటీ..."

"వద్దు బిడ్డా. అది ముట్టకు," అని మాలతి కాగితం మడిచి సాయమ్మ చేతిలో పెట్టింది.