అవ్వ తినలేదన్న ముద్ద

పోయిన నెల మా అక్కను తమిళనాడు వైపు ధర్మపురిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు, ఆయన ఆమెకు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమని, ఐదు నిమిషాల తర్వాత అవేమిటని అడిగారు. అక్క తడబడలేదు. "మీరు నాకేమీ చెప్పలేదే" అన్నది, నిజం చెప్పే మనిషి గొంతుతోనే. తర్వాత డాక్టరు నన్ను కూర్చోబెట్టి, కాగితం మీద మెదడు బొమ్మ గీసి, చెవులకు లోపలివైపున రెండు పక్కలా చిటికెన వేలంత భాగం ఉంటుందనీ, ఇవాళ జరిగింది రేపటికి నిలిచేది దానివల్లేననీ, అల్జీమర్స్ అనే ఈ జబ్బు చాలామందిలో మొదట అక్కడే పట్టి కణాలను మెల్లగా చంపుతుందనీ, చిన్ననాటి సంగతులు వేరేచోట్ల కుదురుకుని ఉంటాయి కాబట్టి చాలాకాలం నిలుస్తాయనీ చెప్పారు. "ఆమె అబద్ధం చెప్పడం లేదమ్మా. వెతికితే అక్కడేమీ లేదు, అంతే" అన్నారు. నాకు అక్క కంటే ముందు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పోయి ఇంకా ఏడాది నిండలేదు.

నా వయసు వాళ్లకు తెలుసు, పంతొమ్మిది వందల అరవైల చివర, డెబ్బైల మొదట్లో మా వైపు వీధుల్లో ఎవరు ఎదురుపడినా మొదటి మాట తిండి గురించే. తమిళం వాళ్లు ‘సాప్టాచ్చా’ అనేవారు, మనవాళ్లు ‘తింటివా’ అనేవారు. జవాబు కోసం ఎవరూ అడగరు. తిన్నా తినకపోయినా ‘అయ్యింది’ అని నడిచిపోవడమే మర్యాద. ఆ మర్యాదను మా అవ్వ, అంటే నాయన తల్లి, మరిచిపోయింది.

అవ్వ చురుకైన మనిషి. చింతపండును నాలుకకు తాకించి, అది ఏ ఊరి చెట్టుదో చెప్పగలిగేది. రోజూ పొద్దున సంగటి తిని, ఆకూవక్కతో వీధి అరుగు మీద కూర్చునేది. ఎదురింటి అత్త బిందె చంకన పెట్టుకుని పోతూ అడిగేది.

"ఏమత్తా, తింటివా?"

"యాడ తింటిని? మా కోడలు ఇంకా పొయ్యే ముట్టించలేదు."

మొదట్లో అందరూ నవ్వారు. పదిమంది అడిగితే పదిసార్లూ అదే జవాబు కావడంతో నవ్వులు ఆగాయి. ఎదురింటి అత్త ఒక గిన్నెలో మజ్జిగన్నం కలిపి తెచ్చి, అమ్మ చూస్తుండగానే అవ్వకు పెట్టడం మొదలుపెట్టింది. కొళాయి దగ్గరికి అమ్మ పోతే అక్కడి మాటలు ఆగిపోయేవి.

నాయనది చింతపండు వ్యాపారం, వారంవారం కారిమంగళం సంతకు పోయేవాడు. అక్కడ ఒక బంధువు నలుగురి ముందు, "తల్లి పస్తుంటే కొడుకు తూకాలు చూసుకుంటున్నాడప్పా" అన్నాడట. నాయన ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చోలేదు. రెండు రోజులు అలాగే గడిచాక, వచ్చి చెల్లెలిని తీసుకుపొమ్మని పాపారపట్టిలోని మా మేనమామకు కబురు పంపానని అమ్మతో చెప్పాడు. అలా పుట్టింటికి పోయినవాళ్లు తిరిగి రావడం మేము పెద్దగా చూడలేదు.

అమ్మ ఏడవలేదు. "పోతాను. పోయేముందు ఒక్కపూట మీ అమ్మకు మీరే పెట్టండి. పెట్టి, అరుగు మీద ఆమె పక్కనే కూర్చోండి" అన్నది.

మరునాడు నాయన చెయ్యి తడిచేసుకుని ముద్ద చేసి అవ్వకు పెట్టాడు. అవ్వ ఇష్టంగా తిన్నది, ఇంకొంచెం పులుసు పోయమన్నది, ఉప్పు చాల్లేదురా అని వంక కూడా పెట్టింది. తర్వాత ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఎదురింటి అత్త వచ్చింది.

"తింటివా అత్తా?"

"యాడమ్మా. నా కొడుకు సంతకు పోయినాడు. వాడొస్తేగాని ఈ ఇంట్లో నాకు కూడు లేదు."

ఎదురింటి అత్త పక్కనే ఉన్న నాయన వైపు చూసింది. నాయన తన వేళ్లకు అంటుకుని ఇంకా ఆరని సంగటిని చూసుకుంటున్నాడు. కాసేపటికి, "వదినా, ఇంక అమ్మను ఆ మాట అడగొద్దు. ఎండ గురించి అడుగు, వాన గురించి అడుగు" అన్నాడు. లోపలికి వచ్చి అమ్మను వడ్డించమన్నాడు. మేనమామకు రావద్దని మళ్లీ కబురు పోయింది. తప్పయిందని మాత్రం నాయన అనలేదు. ఆ తరం మగవాళ్లకు అది చేతనయ్యేది కాదు.

అమ్మకు ఇల్లు దక్కింది. కానీ కొడుకు పెట్టిన ముద్దను కొడుకు ఎదురుగానే కాదన్నదంటే, అవ్వకు తనమీద ఎంత కక్ష ఉండాలో అనుకుంది. తర్వాత అవ్వ బతికిన నాలుగేళ్లూ పూట తప్పకుండా పెట్టింది, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టింది. ఆఖర్లో అవ్వ మా పేర్లనూ నాయన పేరునూ మరిచిపోయి, కంచం తెచ్చిన అమ్మను చూసి ‘అమ్మా, వస్తివా’ అనేది. వెక్కిరింపు అనుకుని అమ్మ ముఖం తిప్పుకునేది.

అవ్వకు ఉన్నది ఈ జబ్బేనని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. డాక్టరు గీసిన కాగితం మాత్రం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. ఇవాళ మా అక్క ఏమన్నా ఆమె కోడలికి చెడ్డపేరు రాదు. జబ్బు పేరు వీధిలో అందరికీ తెలుసు, ఆమెతో వాదించకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పావుగంటలో చెప్పగలిగిన సంగతి అది. అమ్మ ఎనభై దాటి బతికింది, అవ్వ పిలుపును చివరిదాకా అవమానంగానే తలుచుకుంది. నేను పక్కన కూర్చుని ఎన్నోసార్లు విన్నాను, అవునన్నట్టు తల ఊపాను. అన్నం తెచ్చిన మనిషిని అవ్వ నిజంగానే తన తల్లి అనుకుని ఉంటుందని పోయిన నెల దాకా నాకు తోచలేదు.