తాత నరికిన గుమ్మి

మా ముత్తాత నల్లగొండ దగ్గర మా ఊరికి మాలీపటేల్. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. ఆయన తరువాత మా తాత. నా చిన్నప్పుడు ఊళ్లో ఏ తగాదా అయినా మా అరుగు ఎక్కందే తీరేది కాదు. ఆ ఇంటి పెద్ద మనవడిని నేను.

మా వసారాలో ముత్తాత అల్లించిన గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి, పేడతో మెత్తిన, మనిషి కంటే ఎత్తైన వడ్ల బుట్ట. ఇంటికొచ్చినవాళ్లు ముందు దాన్ని చూసి, తరువాత మమ్మల్ని పలకరించేవారు. ఒకరోజు నిచ్చెనెక్కి అందులోకి దూకాను. కింద నాయనమ్మ గుమ్మి అడుగున ఉన్న కంత తెరిచి దంచడానికి వడ్లు తీస్తోందని నాకు తెలియదు. కాళ్ల కింద వడ్లు జారాయి. మోకాళ్లు, ఆపైన నడుము మునిగాయి. కదిలిన కొద్దీ లోపలికి దిగిపోతున్నాను. పటేల్ మనవడు కేకలు వేయడమేమిటని పళ్లు బిగించాను. ఛాతీ బిగుసుకుని ఊపిరాడనప్పుడు గానీ "తాతా!" అని అరవలేదు.

నాయనమ్మ కంతలో గుడ్డ కుక్కింది. తాత నిచ్చెనెక్కి చేతులు పట్టి లాగారు. భుజాలు నొప్పెట్టాయి తప్ప నేను కదలలేదు. ఆయన దిగి గొడ్డలి అందుకున్నారు.

"అయ్యో, మామ అల్లించిన గుమ్మి! జర ఆగుండ్రి, నలుగుర్ని పిలుస్త," అంది నాయనమ్మ.

"నలుగురొచ్చేదాంక వాడుంటడా? నువ్వు జరుగు."

పక్కగా నరికారు. వడ్లు వసారా అంతా పరుచుకున్నాయి. ఆ సందులోంచే నన్ను లాగి, ఒళ్లంతా తడిమి, "ఏం పటేలా, లోపల శిస్తు వసూలైందా?" అన్నారు. చీలిన గుమ్మి వైపు ఆయన తిరిగి చూడలేదు.

తరువాత ఉద్యోగం నన్ను భిలాయ్, సూరత్, కాన్పూర్ తిప్పింది. అన్నిచోట్లా చేతులు చాపితే గోడలు తగిలే గదులే. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇల్లు. కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ. వంటింట్లో ఇద్దరం ఒకేసారి నిలబడలేం.

నిరుడు నా భార్య గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. మాకు ఊళ్లో మిగిలింది బావి పొలం ఒక్కటే. హయత్‌నగర్‌లో ఉండే మా తమ్ముడు వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, పటేలోళ్లు ఆఖరి పొలం గూడ అమ్ముకున్నరంటే ఊళ్లె మొకమెట్ల సూపిస్తం?"

ఆ పొలం పోతే ఊళ్లో మా పేరు చెప్పుకునే చోటే ఉండదు. కానీ తాత ఆ రోజు గొడ్డలి కోసం చేయి చాపినప్పుడు క్షణమైనా తటపటాయించలేదు. అదొక్కటే నాకు ఆయన నుంచి మిగిలిన ఆస్తి.

నా భార్య ఇప్పుడు కర్మన్‌ఘాట్ గుడికి వెళ్లి వస్తోంది. పొలాన్ని పక్క ఊరి మిల్లు యజమాని కొన్నాడు, బావితో సహా.