భారం అన్న మాట

మొన్న ఆదివారం ఉదయం పదకొండూ పదికి, తార్నాకలోని మా చర్చిలో, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి లేచి, తన హాస్టల్ స్నేహితురాళ్ళ గురించి ఎంతో భారం ఉందంటూ కళ్ళు తుడుచుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకాలే ఒక పాత శుక్రవారం, సాయంత్రం ఆరుంబావు గుర్తుకొచ్చింది.

మన తరంలో క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక మనిషి దేవుణ్ణి తెలుసుకోవాలని నిద్రపట్టనంతగా కోరుకోవడాన్నే మనం భారం అంటాం. మా ఊరి పాస్టరుగారి ప్రార్థనల్లో ఆ మాట వింటూ పెరిగిన నాకు, బయట దానికి ఇంకో అర్థం ఉందని తెలియక కాదు, ఆ పూట తోచలేదు, అంతే.

అప్పుడు నేను క్యాంపస్‌లో ఎం.ఎ. చదువుతున్నాను. కోస్తా నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌కు హాస్టల్ సీటు దొరక్క, నా గదిలోనే నాన్‌బోర్డరుగా, అంటే వార్డెన్ కంట పడకుండా ఉండేది. ఇద్దరికీ ఒకటే ఇనుప మంచం, మెస్సులో నా ఒక్కదాని భోజనం. ఆమె పుస్తకాల మీద చిన్న వినాయకుడి బొమ్మ, నా దిండు కింద బైబిలు ఉండేవి. వాటి మధ్య ఏనాడూ పేచీ రాలేదు. నా దేవుడి సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అని నెల్లాళ్ళు మథనపడి, ఆ శుక్రవారం మెస్సు గంట కొట్టకముందే ధైర్యం చేశాను.

“నీ గురించి నాకు చాన భారంగ ఉన్నదే. రోజూ దేవునికి చెప్పుకుంటున్న.”

ఆ రాత్రి ఆకలి లేదని ఆమె అన్నం ముట్టలేదు. నేను దాన్ని పశ్చాత్తాపం అనుకుని సంతోషంగా నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి ఆమె సంచీ లేదు, దుప్పటి మడతపెట్టి ఉంది.

సోమవారానికిగాని తెలియలేదు, తార్నాకలో ఒక ఇంటి మేడమీద గది తీసుకుందని. పరుగులాంటి నడకతో వెళ్తే గేటు దగ్గర ఇంటావిడే నిలదీసింది.

“నువ్వేనా భారమన్న పిల్లవు? సగం అన్నం పెట్టినదానివి, గంత మాట ఎట్లన్నవ్ బిడ్డా?”

అప్పుడు అర్థమైంది. పైనుంచి దిగి వచ్చిన స్నేహితురాలికి మెట్ల మీదే ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె కాసేపు నమ్మలేదు.

“దేవుడికి కూడా రోజూ చెప్పుకుంటున్నానన్నావు కదే! అంత కష్టంగా ఉంటే ముందు నాకు చెప్పొద్దూ?” అని, తర్వాత నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. “ఇష్టాన్ని భారం అంటారా మీ వాళ్ళు? మరి పెళ్ళికొడుకుని ఏమంటారే?”

నవ్వు ఆగాక, ఇప్పుడు చెప్పు, మీ చర్చి తెలుగులో కాదు, మన తెలుగులో, అంది. రక్షణ, మారుమనస్సు, సాక్ష్యం, ఒక్కొక్కటే పక్కన పెట్టాను. చివరికి మా నాయన చనిపోయిన ఏడాది సంగతి చెప్పాను: ఇంట్లో అమ్మా నేనే ఉన్నా, ప్రార్థన చేసుకున్నాక ఇంకొకరు కూడా మాతో ఉన్నట్టు ఉండేదనీ, ఆ తోడు ఆమెకూ ఉండాలనేదే నా కోరిక అనీ. ఇలా చెప్పుంటే నేను సంచీ సర్దేదాన్నా, అంది.

కానీ ఇంటావిడకు మాట ఇచ్చేసింది, తిరిగి రాలేదు. చదువయ్యాక హబ్సిగూడలో స్థిరపడి, ప్రతి క్రిస్మస్‌కూ నా పక్కన కూర్చునేది, పాటలు నాకంటే బాగా పాడేది, బాప్తిస్మం మాటెత్తితే మాత్రం, చూద్దాంలేవే, అనేది. నమ్మిందో లేదో సూటిగా అడగలేదు. మళ్ళీ ఏ మాట ఎలా తగులుతుందోనని భయం. రెండేళ్ళ క్రితం కన్నుమూసింది.

ఇప్పటి పిల్లలు పొద్దున్నే ఒక వాక్యాన్ని ఫోనులో వందమందికి ఒక్కసారే పంపుతున్నారు. మంచిదే. ఎదుటి మనిషి సరిగ్గా విన్నదో లేదో చూసుకోవడానికి మాత్రం ఎవరూ తార్నాక దాకా నడవడం లేదు.

లెక్క తేల్చి రాస్తే, పోయినవి ఇవి: పరీక్షల దాకా ఒకే గదిలో గడవాల్సిన ఐదు నెలలు, దీపం ఆర్పాక ఆమె అడిగి ఉండే ప్రశ్నలు, వాటికి నేను వెతుక్కుని ఉండే మామూలు మాటలు, చివరికి ఆమె.