తుంగభద్రలో కలపబోయిన పుస్తకాల కోసం

రాజంపేట దగ్గరి మా నేతగాళ్ల ఊళ్లో పోయినేడు ఒక పఠనాలయం పెట్టుకున్నాం. పఠనాలయం అన్నానని నవ్వకండి. ఒక బల్ల, ఒక లాంతరు, కొన్ని పాత పంచాంగాలు, అట్ట ఊడిన వ్యాకరణం ఒకటి, అంతే. సాయంత్రం మగ్గం దిగి వచ్చినవాళ్లకు చదివి వినిపించే పని నాది. పంచాంగం ఎన్నాళ్లని వింటారు? ఒక్కొక్కరే రావడం మానేశారు. ఇక తలుపు మూసేద్దామనుకుంటుండగా, మంత్రాలయంలో చీరలు అమ్మి వచ్చిన మా బావ ఒక కబురు తెచ్చాడు. అక్కడి ఒక పల్లెలో తిమ్మారెడ్డి అనే రైతు కాలం చేశాడట. ఆయనకు పుస్తకాల పిచ్చి. ఆయన భార్య లింగమ్మ ఆ పుస్తకాలన్నీ అమావాస్యనాడు తుంగభద్రలో కలిపేస్తుందట. ఆ ఇళ్లలో అది ఆచారం. చదివేవాళ్లు లేని పుస్తకాన్ని కాల్చరు, తూకానికి అమ్మరు, పసుపు గుడ్డలో కట్టి పారే నీటిలో వదులుతారు. అమావాస్య రేపే. మగ్గం మీద సగం చీర అలాగే వదిలేసి బండెక్కాను.

రాజంపేటలో సాయంత్రం బొంబాయి వైపు పోయే బండి ఎక్కితే, కడప, గుంతకల్లు దాటి తెల్లవారేసరికి మంత్రాలయానికి దిగే స్టేషను వస్తుంది. ఎక్కడా బండి మారే పని లేదు. స్టేషను బయట జట్కాలుంటాయి. పోనూ రానూ రూపాయికి ఖాసీం సాబు అనే ముసలాయన ఒప్పుకున్నాడు. దారి పొడుగునా ఆయన గుర్రం గొప్పలు చెబుతుంటే ఊ కొట్టాను గాని, నా ప్రాణమంతా ఏటి దగ్గరే ఉంది.

పల్లెకు చేరేసరికి లింగమ్మగారి ఇంటికి తాళం. పక్కింటి ఆవిడ చాటలో జొన్నలు చెరుగుతూ, “ఎవురికోసరమప్పా? లింగమ్మ తెల్లారేకే బండి కట్టించుకోని ఏటికి పోయినాది” అంది. మళ్లీ జట్కా ఎక్కాను. ఏటి గట్టు దాకా ఖాసీం సాబును తిట్టినంత పనిచేసి తరిమాను.

గట్టెక్కి చూస్తే ఏరు లేదు! కనుచూపు మేర ఇసుక, మధ్యలో పాచి పట్టిన మడుగు. దాని పక్కన ఒక ఎద్దులబండి, బండి నిండా పసుపు మూటలు, దాని నీడలో కూర్చున్న ఒక పెద్దావిడ, ఎద్దుల దగ్గర బండివాడు. ఏటా వాన కోసం మొక్కి విసిగిపోయిన నేను, ఆరోజు ఎండకు చేతులెత్తి దండం పెట్టాను. అంత హాయి నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

“పారే నీళ్లు యాడుండాయి నాయినా? పొద్దున్నుంచి చూస్తాండా” అంది లింగమ్మగారు. వచ్చిన పని చెప్పాను. ఆమె మొహం ముడుచుకుంది. “అడిగినోళ్లకంతా ఇచ్చేస్తే రేపు అంగట్లో బెల్లం పొట్లాలు కడతారు. ఆయన శానా ప్రేమగా తెప్పించుకున్యాడు. వద్దు నాయినా. ఇంగొంచెం పైకి పోతే నీళ్లుంటాయేమో చూస్తా.”

నా పని అయిపోయిందనుకున్నాను. అయినా, “మా ఊళ్లో రోజూ చదివి వినిపిస్తానమ్మా” అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మూటలు విప్పించింది. రాజుల చరిత్రలు, పద్యాల పుస్తకాలు, కోపాన్ని అణచుకుని బతకడం నేర్పే పుస్తకం, దూరదేశాల యాత్రలు! ఆమె వాటిలోంచి ఒకటి తీసి నా చేతికిచ్చింది. మంచు సముద్రంలోకి ఓడలో పోయినవాళ్ల కథ అది.

“ఆయన నాకిది చదివి చెప్తాండె. ఓడ మంచులో ఇరుక్కున్న కాడికి వచ్చినాక జ్వరమొచ్చి మంచమెక్కినాడు. నాకు చదువు రాదు. అల్లుణ్ని అడిగితే తీరిక లేదన్యాడు. ఆ మనుషులు ఇండ్లకు తిరిగొచ్చినారా నాయినా?”

ఆకు గుర్తుపెట్టిన చోటు నుంచి మొదలుపెట్టాను. ఖాసీం సాబు గుర్రాన్ని విప్పి పక్కన చతికిలబడ్డాడు. “నీళ్లు రాయి మాదిరి గడ్డకడతాయా? అబద్ధాలు!” అని ఆయన గొణిగితే, “గమ్మునుండప్పా!” అని ఆమె గదమాయించింది. నడుమ ఆమె పెట్టిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాం. ఎండ తగ్గే వేళకు చివరి పుట వచ్చింది.

“వచ్చినారమ్మా, ఇండ్లకు చేరినారు.”

“అందురూనా?”

“అందరూ.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత బండివాడి వైపు తిరిగి, “మూటలు ఆయప్ప జట్కాలో ఎయ్యి” అంది.

తిరుగు బండిలో ఆ మూటల మధ్య నేను చిన్నపిల్లాడిలా నిద్రపోయాను. పఠనాలయం నిలిచిందన్న సంతోషం ఒక ఎత్తు, ఆమెకు ఆ కబురు చెప్పగలగడం ఇంకొక ఎత్తు. ఏట్లో నీళ్లుండి ఉంటే నాకు పుస్తకాలు పోయేవి, ఆమెకు ఆ ఓడ ఎప్పటికీ మంచులోనే ఉండిపోయేది. పుస్తకాల కోసం ఎవరింటికైనా పోయేవారికి ఒక్క మాట. అడగడానికి ముందు ఒకటి చేతికి తీసుకుని, వాళ్లు చాలనేదాకా చదవండి. రైలు తప్పితే తప్పనివ్వండి, మర్నాడు ఇంకొకటి ఉంటుంది.