ఎడమ గది, కుడి గది

ఓటింగ్ మిషన్ కూత మీరు వినే ఉంటారు. మీట నొక్కగానే సన్నగా, సాగదీసినట్టు ఒక్కసారి కూస్తుంది. ఓటేసినవాళ్ళకు అది పని అయిపోయిందన్న గుర్తు. నాకు మాత్రం అది చెవిన పడితే కాలు ఒకచోట నిలవదు. మొన్న ఎన్నికల శిక్షణలో పాఠం చెప్పే ఆయన మిషన్‌ను బల్లమీద పెట్టి పదిసార్లు కూయించాడు. ఇది తప్పు చెప్పదు, మీరు రాసుకునేటప్పుడే జాగ్రత్త అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు. నేను మంచినీళ్ళ వంకతో బయటికొచ్చి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. అలా నడవడం అంకయ్య గారి దగ్గర నాకు అంటుకున్న జబ్బు.

అంకయ్య గారు పదేళ్ళు మాకు ఎమ్మెల్యే. నాలుగుసార్లు నిలబడ్డారు. మొదటిసారి ఓడారు, తర్వాత రెండుసార్లు వరసగా గెలిచారు, నాలుగోసారి మళ్ళీ ఓడారు. రికార్డుల్లో ఆయన గురించి దొరికేది ఇంతే. మంత్రి కాలేదు, పార్టీ మారలేదు, అసెంబ్లీలో గొంతు చించుకున్న మనిషీ కాదు. పత్తీ మిర్చీ వేసుకునే రైతు. పురుగు పట్టి పత్తి చేలకు చేలే పోయిన రోజుల్లో ఊరూరా తిరిగి, పరామర్శించి, ఆఫీసులవాళ్ళతో తగాదాపడి నాయకుడయ్యారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే ఎవరాయన అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ, వాళ్ళ తప్పేముంది.

ఆయన మొదటిసారి గెలిచిన ఏడాదే నేను టైపిస్టుగా చేరాను. అప్పటిదాకా జిన్నింగు మిల్లులో ఉత్తరాలు కొట్టేదాన్ని. ఆయనకు కూర్చుని మాట్లాడడం చేతకాదు. వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఉత్తరం చెప్పేవారు. దగ్గరికొచ్చినప్పుడు ఒక వాక్యం వినపడేది, దూరం పోయినప్పుడు సగం వాక్యమే. నడుస్తూ చెబితే ఎలాగండీ అని మొదటి వారంలోనే విసుక్కున్నాను. "కూర్చుంటే నాకు జనం మొహాలు గుర్తుకు రావమ్మాయ్" అన్నారు. చివరికి నేనే నోట్‌బుక్కు పట్టుకుని పక్కన నడవడం మొదలుపెట్టాను. రోజూ కాళ్ళు లాగేవి. అయినా ఎవరి కష్టమేమిటో వేలు పెట్టి చూపించినంత స్పష్టంగా చెప్పే ఆ ఉత్తరాల దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

ఇంటిముందు నిలబడే జనంలో ప్రతివాళ్ళూ ముందు ఒకటే మాట అనేవారు. మీకే వేశామయ్యా. ఆయన ప్రతివాళ్ళకూ నమస్కారం పెట్టి, తెలుసులే అనేవారు. ఒకసారి ఎదుటి పార్టీ జెండా మోసిన మనిషే వచ్చి ఆ మాట అన్నాడు. దానికీ ఆయన తెలుసులే అన్నారు. అతను వెళ్ళాక నాకు నవ్వాగలేదు, ఎలా నమ్మారండీ అని అడిగేశాను. "ఓట్లన్నీ డ్రమ్ములో పోసి కలిపేశాకేగా లెక్కబెట్టింది. ఏ ఊరిది ఎవరికి పడిందో ఎవడికి తెలుసు? అందుకని అందరూ నాకే వేశారనుకుంటా. పని చేసిపెట్టడానికి అదే హాయి" అన్నారు. అప్పట్లో కాగితం ఓట్లు. బూతుల పెట్టెలన్నీ కుమ్మరించి కలిపేవారు. ఆ డ్రమ్ము ఆయనకు చేసిన మేలు ఎంతటిదో నాకు అప్పుడు తెలియలేదు.

రెండోసారి గెలిచిన ఎన్నికలకు మిషన్లు వచ్చాయి. మిషన్ తెరిస్తే ఆ బూతులో ఎవరికెన్నో అక్కడే కనిపిస్తాయి. లెక్కింపు బల్లల దగ్గర మా ఏజెంట్లు చిన్న చీటీల మీద అవి రాసుకొచ్చారు. అన్నీ కలిపి శుభ్రంగా ఒక పట్టిక కొట్టే పని నాది. ఆయన చాలా కొద్దిలో గెలిచారు. ఎక్కడ దెబ్బ తగిలిందో చూడాలని ఆయన చుట్టూ తిరిగే ఊళ్ళ పెద్దలకు ఒకటే ఆత్రం.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. కనిగిరి వైపు మెట్ట. బోరు నీళ్ళలో ఫ్లోరైడు, తాగితే పిల్లల పళ్ళు పచ్చబడేవి. మా అమ్మకు నడివయసులోనే మోకాళ్ళు వంగిపోయి, చర్చిలో అందరూ మోకరిస్తే తను గోడకానుకుని నిలబడేది. చర్చి చుట్టూ మా కూలీల ఇళ్ళు, దాన్ని పల్లె అనేవారు. కాలవ దాటితే పరుపులు కుట్టుకునే దూదేకుల సాయిబుల కాలనీ. రెండింటికీ నడుమ ఒకటే బడి. ఓట్లప్పుడు ఎడమ గది మా పల్లెకు, కుడి గది కాలనీకి. రెండింటికీ కలిపి మంచినీళ్ళ ట్యాంకు మంజూరైంది. బడి పక్కన ట్యాంకు, అక్కడి నుంచి పల్లెకొక పైపు, కాలనీకొక పైపు. అయిదేళ్ళుగా ఇదిగో అదిగో అనడంతో మా పల్లె పెద్దలకు ఒళ్ళు మండి, ఈసారి ఆయనకు వెయ్యకూడదని అనుకున్నారు. ఆ మాట ఇంట్లో నాకు ముందే తెలుసు. నేను మాత్రం ఆయనకే వేశాను.

చీటీలు ఒక్కొక్కటే చూసి కొడుతుంటే మా బడి బూతులు రెండూ వచ్చాయి. ఎడమ గదిలో అంకయ్య గారికి పంతొమ్మిది. కుడి గదిలో రెండు వందల పైచిలుకు. వెనకగదిలో ఆ పెద్దలు ఎర్రపెన్సిలు చెక్కుకుంటున్నారు. వెయ్యని ఊళ్ళకు ఈ అయిదేళ్ళూ గుక్కెడు నీళ్ళు కూడా పుట్టకూడదని ఒకాయన అంటున్నాడు. నాకు మా అమ్మ మోకాళ్ళు కళ్ళముందు ఆడాయి. రెండు గదుల నంబర్లూ పట్టికలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నా వేళ్ళు అటుది ఇటూ ఇటుది అటూ కొట్టాయి. మొత్తం కూడితే ఎక్కడా తేడా రాలేదు. రెండు చీటీలు మడిచి జాకెట్లో పెట్టుకుని, ఇంటికెళ్ళి బైబిలు అట్టలో దాచాను.

ఆ పట్టిక అంకయ్య గారిని మార్చేసింది. ఆయన దాన్ని చించి పారేస్తారని లోపల ఎక్కడో అనుకున్నాను. పారెయ్యలేదు. మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎవరైనా మీకే వేశామయ్యా అంటే చెయ్యి జేబుమీదికి పోయేది. నడక కూడా మారింది, మనుషుల దాకా వచ్చి ఆగకుండానే వెనక్కి తిరిగేవారు. ట్యాంకు కాగితాలు వచ్చినరోజు కాలనీ పైపు మీద ఆయన ఎర్రగీత గీయడం నేను నా కళ్ళతో చూశాను.

వారం తిరక్కుండా కాలనీ నుంచి కాశింసాయిబు వచ్చాడు. మా ఇంట్లో పరుపులన్నీ ఆయన కుట్టినవే, నన్ను చిన్నప్పుడు దూది మూటమీద కూర్చోబెట్టి ఆడించిన మనిషి. మా పైపు ఎందుకాగిందయ్యా, కాలనీ అంతా మీకే వేశాం గదా అన్నాడు. అంకయ్య గారు పట్టిక తీశారు.

"అబద్ధమెందుకు కాశిం. పంతొమ్మిది పడ్డాయి. ఆ పంతొమ్మిది మందికీ దణ్ణం."

కాశింసాయిబుకు చదువు రాదు. ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఇది ఎవరు రాశారయ్యా అని మెల్లగా అడిగాడు. మన సలోమే కొట్టింది అన్నారు ఈయన. ఆయన నావైపు తిరిగాడు.

"సలోమి కొడితే తప్పుండదులే" అని, తువాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆ పూట పది ఉత్తరాలు కొట్టాను. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. అప్పుడే లేచి చెప్పి ఉండాల్సింది. చెబితే మా పైపు పోతుంది. పైపు పడ్డాక చెబుదామనుకున్నాను. పైపు పడింది, అమ్మ మొదటి గ్లాసు తాగి ప్రార్థన చేసింది, నేను చెప్పలేదు. ఆ తర్వాత నాకు మండలాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పరీక్ష రాయమని వెంటపడిందీ అంకయ్య గారే, సిఫారసు ఉత్తరం మాత్రం ఇవ్వనన్నదీ ఆయనే. ఊరికి వెళ్ళినప్పుడల్లా కాలవ దాటకుండా చుట్టుతిరిగి పోయేదాన్ని.

నాలుగోసారి ఆయన ఓడారు. ఎంత తేడాతో అంటే, కాలనీ ఓట్లు అటు పడకుండా ఉంటే గెలిచేవారు. ఓదార్చడానికి వెళ్ళినవాళ్ళతో, వాళ్ళు నాకెప్పుడు వేశారు గనక అన్నారట. ఆ మాట నాదాకా వచ్చింది. మిర్చి కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం చర్చికి వెళ్ళి, ప్రార్థన మధ్యలో లేచి, తిన్నగా ఆయన కల్లానికి పోయాను. ఎర్రగా ఆరబోసిన మిర్చి చుట్టూ ఆయన ఎప్పట్లాగే నడుస్తున్నారు. ఘాటుకు నాకు తుమ్ములు, కళ్ళనీళ్ళు. ఏడుపో ఘాటో తెలియకుండా అంతా చెప్పి, రెండు చీటీలూ చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. తిడతారనుకున్నాను. ముందు ఆ మొహం పండగొచ్చినట్టు వెలిగింది. "అయితే కాశిం నాకే వేశాడా!" అన్నారు. మరుక్షణం ఆ వెలుగు పోయి, మిర్చి గోతాం మీద కూలబడ్డారు. ఆయన కూర్చోగా నేను చూడడం అదే మొదలు.

మా పల్లె ఓట్లు చూసి ఉంటే మా పైపు కొట్టేసేవారా అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. ఆయన చీటీలు మళ్ళీ ఒకసారి చూసుకున్నారు.

"కాశిం పైపు కొట్టేసినవాణ్ణి, మీది కొట్టెయ్యనా? నీ భయం నిజమేనమ్మాయ్. అదే నాకు సిగ్గుగా ఉంది."

నా తప్పు తక్కువైందని అప్పుడు నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఆయన చీటీలు తిరిగి నాకిచ్చి, నీ దగ్గరే ఉంచుకో, పారెయ్యమాక అన్నారు. లేచి మోటారు సైకిలు తీశారు. ఇద్దరం కాలనీకి వెళ్ళాం. కాశింసాయిబు పరుపు కుడుతున్నాడు. అంకయ్య గారు చేతులు జోడించి తప్పయిందన్నారు. నేను నా తప్పు చెప్పాను. ఆయన సూది దూదిలో గుచ్చి ఉంచి అంతా విన్నాడు.

"మీ అమ్మకి మోకాళ్ళెట్టా ఉన్నాయమ్మా?" అని అడిగాడు. కొంచెం నయమేనన్నాను. "మా ఇంటిదానికీ వంగిపోయినయ్" అన్నాడు.

సూది తీసి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

మర్నాడే అంకయ్య గారు తనను ఓడించినాయన ఇంటికి వెళ్ళారు. ఏనాడూ ఆ గుమ్మం తొక్కని మనిషి. నన్నూ రమ్మన్నారు, కాగితాలు పట్టుకుని వెనక నిలబడ్డాను. మిమ్మల్ని ఓడగొట్టిన కాలనీ కోసం వచ్చారా అని ఆ కొత్త ఎమ్మెల్యే నవ్వాడు. "ఓసారి నాకు వేశారు. నేనే నమ్మలా" అన్నారు అంకయ్య గారు. ఒకసారి కాదు, ఆ పైపు పడేదాకా ఎన్నిసార్లు తిరిగారో. వచ్చే ఎండాకాలానికి కాలనీకి నీళ్ళు వచ్చాయి. శిలాఫలకం మీద కొత్త ఎమ్మెల్యే పేరుంది. అంకయ్య గారి పేరు లేదు. ఆయన ఆ రోజు కాలవగట్టు మీద నడుస్తూ దూరం నుంచే చూసి వెళ్ళిపోయారు.

వరండాలో నడిచి నడిచి మళ్ళీ హాల్లోకి వెళ్ళేసరికి పాఠం చెప్పే ఆయన అందరికీ ఒక నమూనా ఫారం ఇచ్చి నింపమంటున్నాడు. బూతు నంబరు, మిషన్‌లో పడిన ఓట్లు. నింపాను. పైనుంచి కిందికి చూశాను. మళ్ళీ చూశాను. పక్క కుర్చీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, ఇది ఉత్త ప్రాక్టీసేగా మేడమ్, ఎన్నిసార్లు చూస్తారు అంది.

"నేను రాస్తే తప్పుండదని ఒకాయన నమ్మాడమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి తన ఫారం నింపుకోసాగింది. నేను బూతు నంబరు మీద వేలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాను.